తిరువూరు దగ్గర రెండు ఖాళీ కార్లు

విమానాశ్రయం అంటే మన నాయకులకు రన్‌వే ఒక్కటే కనిపిస్తుంది. ఎన్ని ఎకరాలు, ఏ కంపెనీ, శంకుస్థాపన ఎవరు చేయాలె, శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలె - ఇదే చర్చ. విమానం దిగిన మనిషి సంచి పట్టుకుని గేటు బయట నిలబడ్డాక ఏమవుతాడో వాళ్లకు పట్టదు. వాళ్ల కోసం బయట కారు ఆగే ఉంటుంది గనుక. మిగతా వాళ్ల అసలు ప్రయాణం అక్కడే మొదలవుతుంది. ఈ వారం మేము ఆ కిరాయి కారు గురించే రాస్తున్నాం. కిరాయి కారు కూడా ఒక సంపాదకీయమా అని మిత్రులు కొందరు నవ్వారు. చదివినంక చెప్పండి.

ఆ మధ్య మాతో పాటు చదువుకున్న సోపతి ఒకతను తండ్రి చనిపోయిన కబురు అంది బెంగళూరు నుంచి బయలుదేరాడు. ఊరు చర్లకు అవతల, అడవి అంచున. పుట్టింది తెలంగాణలో, పోవాల్సింది తెలంగాణలోని ఊరికి. దిగింది మాత్రం ఆంధ్రప్రదేశ్‌లోని గన్నవరంలో. శంషాబాద్‌లో దిగితే భద్రాచలం మూడు వందల కిలోమీటర్ల పైమాటే. గన్నవరం నుంచి రెండు వందలకు అటూ ఇటూ. తెల్లారేసరికి తండ్రి ముఖం చూడాలనుకునే కొడుకు ఏది పట్టుకుంటాడు?

కౌంటర్ దగ్గర భద్రాచలం అనగానే రేటు చెప్పారు. చర్ల అనగానే ఆ మనిషి పక్కనున్న డ్రైవర్ ముఖం చూశాడు. "ఫారెస్టు ఏరియా అండి, రాత్రి పూట అటు వెళ్లమండి. భద్రాచలం బ్రిడ్జి దాకా అయితే దింపుతాం." సరే అన్నాడు మా సోపతి. రాను పోను కిరాయి, డ్రైవర్ బత్తా, టోలు, పక్క రాష్ట్రం పర్మిట్ ఖర్చు - అన్నీ కలిపి అడిగినంత ఇచ్చాడు. ఆ పూట బేరమాడే మనసు ఎవరికి ఉంటుంది? మైలవరం, తిరువూరు, పెనుబల్లి, కొత్తగూడెం, పాల్వంచ దాటి రాత్రి పదకొండు తర్వాత బ్రిడ్జి దగ్గర దించి ఆ కారు తిరిగి పోయింది.

మేము భద్రాచలంలో ఇంకో బండి మాట్లాడి ఉంచాం. అందులో చర్ల బాట పట్టాం. ఊరు దాటగానే ఎటపాక. అంటే మళ్లీ ఆంధ్రప్రదేశ్. కొంత దూరం పోయినంక దుమ్ముగూడెం మండలం, మళ్లీ తెలంగాణ. తండ్రి శవం దగ్గరికి పోయే కొడుకు ఒక్క రాత్రిలో మూడుసార్లు రాష్ట్ర సరిహద్దు దాటాడు. రెండు కార్లు మారాడు. తన ఊరికి తాను పోవడానికి.

ఈ గీత ఎట్ల పడిందో ఇక్కడి పాఠకులకు చెప్పనక్కర లేదు గానీ, బయటి మిత్రుల కోసం రెండు మాటలు. గోదావరి అవతలి ఒడ్డున ఉన్న భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. తర్వాత ఖమ్మం జిల్లాలో కలిసింది. యాభై ఐదేళ్లు ఖమ్మంతో కలిసి బతికింది. 2014లో జూన్ 2న తెలంగాణ ఏర్పడబోతుండగా, నాలుగు రోజుల ముందు పోలవరం పేరు చెప్పి ఆర్డినెన్సు వచ్చింది. మే 29న తెలంగాణ బంద్ జరిగింది. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుకునూరు, వేలేరుపాడు పోయాయి. బూర్గంపాడు మండలంలో కొన్ని ఊళ్లు పోయాయి. భద్రాచలం మండలంలో ఒక్క భద్రాచలం ఊరు మాత్రం మనకు మిగిలింది, చుట్టూ ఉన్న ఊళ్లు అటు పోయాయి. రాముడి గుడి ఇటు, రాముడి భూములున్న పురుషోత్తపట్నం అటు. పట్టణంలో ఊడ్చిన చెత్త పోసుకునే జాగ కూడా లేకుండా పోయింది. ఎటపాక, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల - ఈ అయిదు పంచాయతీలను తిరిగి కలపాలని అడుగుతూనే ఉన్నాం. అది పెద్ద ముచ్చట, ఇంకో వారం. ఇక్కడ చెప్పదలిచింది ఒక్కటే: మ్యాపు మీద గీసిన గీత చివరికి పోయి కిరాయి రసీదులో తేలింది.

ఎట్ల తేలింది? టాక్సీకి ఒక్క రాష్ట్రం పర్మిట్ ఉంటే ఆ రాష్ట్రంలోనే తిరగాలె. అవతలికి పోవాలంటే తాత్కాలిక పర్మిట్ తీసుకోవాలె, పన్ను కట్టాలె. ఉమ్మడి రాష్ట్రంలో విజయవాడ నుంచి భద్రాచలానికి ఈ బాధ లేదు. 2015 ఏప్రిల్ నుంచి తెలంగాణ సర్కారు ఆంధ్రప్రదేశ్ రవాణా వాహనాల మీద పన్ను వసూలు చేయడం మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే అప్పుడు మాలో చాలామందిమి మంచిగ చేశారనే అన్నాం. మన రాష్ట్రం, మన పన్ను. ఆ పన్నును ట్రావెల్స్ యజమాని తన జేబులోంచి కడతాడని ఎట్ల అనుకున్నామో తెలియదు. వెనక సీట్లో కూర్చున్న మన మనిషే కట్టాడు.

2021లో కేంద్రం అఖిల భారత టూరిస్టు పర్మిట్ల నిబంధనలు మార్చింది. 2023లో మళ్లీ కొత్తవి తెచ్చింది. ఆన్‌లైన్‌లో ఒక్కసారి ఫీజు కట్టి ఆ పర్మిట్ తీసుకుంటే సరిహద్దుల్లో వేరే పన్ను కట్టే పని లేదన్నది వాటి సారం. మంచిదే. నగరంలో వందల కార్లు తిప్పే కంపెనీకి ఆ ఫీజు లెక్కలోకి రాదు. ఒకటే కారు, దాని మీద ఫైనాన్సు కిస్తీ, నెలకు నాలుగైదు దూరపు కిరాయిలు - ఇదీ భద్రాచలం స్టాండులో ఉన్నోడి బతుకు. అతడు ఆ ఫీజు కట్టాలా వద్దా అని ఏడాది పొడుగునా లెక్కలు వేస్తూనే ఉంటాడు.

లెక్క కుదరనివాడు ఏం చేస్తాడు? తెల్ల బోర్డు కారుతో కిరాయి కొడతాడు. ఇక్కడ పాఠకులు జర ఆగి చదవాలె. నంబరు పలక పసుపు రంగుది, అక్షరాలు నల్లవి అయితే అది టాక్సీ. నల్ల పలక మీద పసుపు అక్షరాలుంటే మనమే నడుపుకునేందుకు కంపెనీ కిరాయికిచ్చే కారు. తెల్ల పలక మీద నల్ల అక్షరాలుంటే సొంత కారు. సొంత కారును కిరాయికి తిప్పడం చట్టం ఒప్పదు. అంతకన్నా పెద్ద సంగతి ఇన్సూరెన్సు. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ కిరాయి ప్రయాణానికి వర్తించదు. ప్రమాదం జరిగితే, ఆ మనిషి డబ్బులిచ్చి ఎక్కాడని తేలితే, కంపెనీ చేతులెత్తేస్తుంది. అప్పుడు డ్రైవర్ ఇల్లు అమ్మినా నష్టపరిహారం తీరదు. మధురపూడి విమానాశ్రయంలో దిగి గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా చింతూరు ఘాట్ దిగి వచ్చేవాళ్లకు ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలె. 2019 అక్టోబరులో అదే ఘాట్‌లో, భద్రాచలం నుంచి తిరిగి పోతున్న యాత్రికుల బస్సు లోయలో పడి ప్రాణాలు పోయాయి. వెయ్యి రూపాయలు తక్కువకు దొరికిందని తెల్ల బోర్డు ఎక్కేముందు ఆ మలుపులు గుర్తుకు రావాలె.

లైసెన్సు గురించి మాత్రం భయపడనక్కర లేదు. మామూలు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మన పోరగాళ్లకు స్టీరింగు పట్టడం వచ్చు, కాగితం కూడా ఉన్నది. అడ్డం ఉన్నది పర్మిట్, పెట్టుబడి, గేటు దగ్గర నిలబడే హక్కు.

ఆ గేటు దగ్గరి హక్కు ఎవరిది? కౌంటర్ దక్కించుకున్నవాడిది. అతని బండ్లు ముందు వరుసలో ఉంటాయి. మన భద్రాచలం డ్రైవర్ ఎవరినో దించడానికి గన్నవరం పోతే, దించి పక్కకు జరగాలె. పార్కింగ్ మీటరు తిరుగుతుంటే ఎంతసేపని ఆగుతాడు? పోనీ కంపెనీ పెట్టుకుందామా అంటే ఆ కథ ఇంకో తీరు. మనమే నడుపుకునే కిరాయి కార్ల కోసం 1989లో కేంద్రం రెంట్ ఎ క్యాబ్ స్కీము రాసింది. లైసెన్సు కావాలంటే కనీసం 50 కార్లు ఉండాలని అందులో పెట్టింది. ఢిల్లీలో కూర్చుని రాసినోళ్లకు 50 కార్లు చిన్న లెక్క. పాల్వంచలో, మణుగూరులో యాభై కార్ల యజమాని ఎవరో చూపించమనండి.

ఇక శీర్షికలోని మాట. గన్నవరం కారు మనల్ని భద్రాచలంలో దించి ఖాళీగా తిరిగి పోతుంది. ఆ ఖాళీ దారికి కూడా మనం కట్టాం. అదే రోజు భద్రాచలం కారు ఒక రోగిని విజయవాడ ఆస్పత్రిలోనో, ఒక పిల్లగాణ్ణి విమానాశ్రయంలోనో దించి ఖాళీగా తిరిగి వస్తుంది. దానికీ కట్టింది మనవాళ్లే. ఈ రెండు ఖాళీ కార్లు తిరువూరు దగ్గర ఎదురెదురు పడి లైట్లు కొట్టుకుని పోతాయి. కిలోమీటరుకు పదిహేను రూపాయలు అనుకున్నా, ఖాళీ దారికి మూడు వేలు. రెండు కార్లకు ఆరు వేలు. ఎవరి కడుపూ నింపని ఆరు వేలు, డీజిలు పొగ. ఆ డ్రైవర్ మన శత్రువు కాదు, మన డ్రైవర్ వాళ్లకు శత్రువు కాదు. వచ్చిన కారు తిరుగు ప్రయాణంలో మనిషిని ఎక్కించుకునే ఏర్పాటు ఉంటే ఇద్దరికీ గిట్టుబాటు అవుతుంది, మనకు సగం తగ్గుతుంది. నీళ్ల మీద, కరెంటు మీద ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చున్న సందర్భాలున్నాయి. కిరాయి కార్ల మీద ఇద్దరు రవాణా కమిషనర్లు ఒక పూట కూర్చుంటే ఏం పోతుంది?

మన విమానాశ్రయం మనకు వస్తే ఈ గోల ఉండదు కదా అనేవాళ్లున్నారు. కొత్తగూడెం పేరు ఏళ్లుగా జాబితాలో ఉన్నది. మామునూరు, జక్రాన్‌పల్లి, బసంత్‌నగర్, ఆదిలాబాద్, దేవరకద్రతో పాటు. సర్వే బృందాలు వచ్చిపోయాయి. శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న షరతు మామునూరును ఏళ్ల తరబడి ఆపింది. 2025 ఫిబ్రవరిలో గానీ దానికి కేంద్రం ఒప్పుకోలేదు. కొత్తగూడేనికి ఆ షరతు అడ్డం కాదు, దూరమే ఎక్కువ. అడ్డం వేరే ఉన్నది. కొండలు, అడవి, బొగ్గు, వాటి మధ్య ఆదివాసీ భూమి. ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనరాదని 1970 నాటి ఒకటవ నంబరు నిబంధన చెప్తున్నది. ఏజెన్సీలో సర్కారు భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడం కుదరదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రన్‌వే కోసం కోయగూడెం లేపి, ఆ గూడెం పిల్లగాడిని పార్కింగులో టోకెన్లు చింపే పనికి పెడితే దాన్ని మేము అభివృద్ధి అనం. రేపు ఎక్కడ కట్టినా, ఎవరి భూమి పోయిందో వాళ్లకే ఆ గేటు దగ్గర మొదటి టాక్సీ వరుస రాసివ్వాలె. ఇది ఇప్పుడే, కాగితం మీదే తేలాలె.

విమానాశ్రయం వచ్చినప్పుడు వస్తుంది. రైలుకే దిక్కు లేదు గదా. భద్రాచలం రోడ్డు అని పేరు పెట్టుకున్న స్టేషను నలభై కిలోమీటర్ల ఇవతల కొత్తగూడెంలో ఉన్నది. పేరు మనది, పట్టాలు మాత్రం మన ఊరి దాకా రాలేదు. కాబట్టి రేపటి దాకా ఆగకుండా ఈ రోజే అయ్యే పనులు అడుగుతున్నాం. గన్నవరంలో, మధురపూడిలో ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం, చర్ల, వెంకటాపురం దాకా ఊరి పేరుతో సహా కిరాయి పట్టిక గోడ మీద రాసిపెట్టాలె. పర్మిట్, టోలు, బత్తా అందులో కలిపే ఉండాలె, రాత్రి పూట కొత్త లెక్కలు చెప్పకుండా. ఉమ్మడి ఖమ్మం జిల్లా టాక్సీలకు, కృష్ణా, గోదావరి జిల్లాల టాక్సీలకు ఒకరి జిల్లాల్లోకి ఒకరు తిరిగే జిల్లాల పర్మిట్ ఒకటి తక్కువ ఫీజుతో ఇవ్వాలె. భద్రాచలం ఐటీడీఏ ఇచ్చే రుణాల్లో పసుపు బోర్డు కారుకు, దాని టూరిస్టు పర్మిట్‌కు కలిపి ఇవ్వాలె. కారు ఇచ్చి పర్మిట్ వదిలేస్తే ఆ పిల్లగాడు ఎటపాక కూడా దాటలేడు. కారు పెట్టుకోలేనివాడి కోసం గన్నవరం గేటు నుంచి భద్రాచలానికి సాయంత్రం విమానాల వేళకు ఒక్క ఆర్టీసీ బస్సు. ఏ సర్కారుదైనా సరే, బస్సుకు పన్ను గొడవ ఉంటే వాళ్లే తేల్చుకోవాలె.

పదకొండో రోజు కర్మ అయినంక మా సోపతి బెంగళూరుకు తిరుగు ప్రయాణమయ్యాడు. ఈసారి భద్రాచలం స్టాండు నుంచే బండి మాట్లాడాం. డ్రైవర్ దుమ్ముగూడెం పక్క ఊరి కోయ పిల్లగాడు, ఇంటర్ దాకా చదివినవాడు. గన్నవరంలో దించినంక గేటు దగ్గర కాసేపు నిలబడ్డాడట. భద్రాచలం గుడికి పోవాలని అడుగుతున్న ఒక కుటుంబం ఎదురుగానే కనిపించిందట. "ఎక్కించుకునుడు రాదన్నా, వాళ్ల కౌంటర్ బండి ఎక్కిన్రు. నేను వెనక ఖాళీగ వచ్చిన" అని ఆ రాత్రి ఫోన్లో చెప్పాడు. తిరువూరు దాటి పెనుబల్లి దాకా ఆ కారు వెనకనే వచ్చాడట.