ఎడమ చెయ్యి కూడా పాడాలి

ఈసారి మన సంగీత ముచ్చట కాస్త దూరం, జర్మనీ దాకా వెళ్తుంది. కారణం మాత్రం మా ఇంట్లోనే, హాల్లో కిటికీ పక్కన ఉంది.

మా అమ్మాయి కూతురికి పన్నెండేళ్ళు. అయిదేళ్ళుగా పియానో నేర్చుకుంటోంది. ఇక్కడ చెన్నైలో మన పిల్లలు చాలామంది రాస్తున్నట్టే ఇదీ లండన్ వాళ్ళ గ్రేడు పరీక్షలకు వెళ్తుంది. ఈ ఏడు బాఖ్ రాసిన ఒక చిన్న 'ఇన్వెన్షన్' ఎంచుకున్నారు. సి మేజర్‌లోది, వరసలో మొదటిది. మొత్తం 22 బార్లు. వాయిస్తే నిమిషంన్నరకు అటూ ఇటూ.

నాకు పియానో రాదు. చిన్నప్పుడు నాలుగేళ్ళు వీణ నేర్చుకున్నాను, అంతే. అయినా తాతగారి పెత్తనం ఊరుకుంటుందా! అది సాధన చేస్తుంటే పక్కన కూర్చుని, "ఎడమ చెయ్యి తగ్గించమ్మా, పాట వినపడటం లేదు" అన్నాను. పాపం, తగ్గించింది. మూడు వారాలు అలాగే వాయించింది. వాళ్ళ టీచరుగారు విని, "ఇలా ఎవరు చెప్పారు నీకు?" అని అడిగారట. మనవరాలు నా పేరు బయటపెట్టలేదు. నాకే సిగ్గేసి, నాలుగు పుస్తకాలు తిరగేసి, రికార్డులు విని, ఆవిడనే అడిగి తెలుసుకున్న సంగతులివి.

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1720 జనవరిలో తన పెద్దకొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం ఒక పాఠాల పుస్తకం మొదలుపెట్టాడు. అప్పటికి పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. ఈ ఇన్వెన్షన్లు వేరే పేరుతో ముందు ఆ పుస్తకంలోనే ఉన్నాయి. 1723లో వాటిని శుభ్రంగా తిరగరాస్తూ, ఇవి ఎందుకో మొదటి పుటలోనే చెప్పాడు. నేర్చుకునేవాళ్ళకు రెండు గొంతుల్ని స్పష్టంగా వాయించడం రావాలి, తరవాత మూడు గొంతులు రావాలి, అన్నిటికన్నా ముఖ్యంగా పాడినట్టు వాయించడం అలవడాలి అని.

రెండు గొంతులు. నా పొరపాటంతా అక్కడే ఉంది. మన చెవులు సినిమా పాటలకు అలవాటుపడ్డవి. కుడి చెయ్యి పాట, ఎడమ చెయ్యి తాళం వేసినట్టు ఏదో తోడు అనుకుంటాం. ఇక్కడ అలా కాదు. కుడి చెయ్యి మన శంకరాభరణం స్వరాల్లో స రి గ మ రి గ స ప అని ఎత్తుకుంటుంది. బారు సగం అయ్యేసరికి ఎడమ చెయ్యి అదే మాటను ఒక స్థాయి కింద అందుకుంటుంది. అక్కచెల్లెళ్ళు మాట్లాడుకున్నట్టన్నమాట. నేను చెల్లెలి నోరు మూయించాను!

అయితే నా ఫిర్యాదు మొత్తం అబద్ధమూ కాదు. ఎడమ చేతి సంగీతం నిజంగానే మోతగా, కలగాపులగంగా వినిపిస్తోంది. ఎందుకంటే ఆ పాఠం రాసింది ఈ వాద్యం కోసం కాదు. బాఖ్ ఇంట్లో ఉండేవి హార్ప్సికార్డు, క్లావికార్డు లాంటివి. హార్ప్సికార్డులో మెట్టు నొక్కితే లోపల పక్షి ఈక ముక్క తీగను మీటుతుంది. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ధ్వని దాదాపు అంతే. క్లావికార్డులో చిన్న ఇత్తడి రేకు తీగను తాకి, వేలు తీసేదాకా అక్కడే ఆగుతుంది. కాబట్టి ఉన్న కొద్దిపాటి ధ్వనిలోనే హెచ్చుతగ్గులు చూపించవచ్చు, వేలు కదిపి స్వరాన్ని వణికించనూ వచ్చు. పక్క గదిలోకి మాత్రం సరిగ్గా వినపడదు.

తీగను చిన్న సుత్తితో కొట్టే పియానోను ఫ్లారెన్సులో క్రిస్టోఫోరి 1700 ప్రాంతాల్లోనే తయారుచేశాడు. జర్మనీలో జిల్బర్‌మాన్ అనే ఆయన చేసిన తొలి పియానోలను బాఖ్ వాయించి చూసి, పై స్థాయి బలహీనంగా ఉంది, మెట్లు బరువుగా ఉన్నాయి అన్నాడట. జిల్బర్‌మాన్‌కు కోపం వచ్చినా, ఏళ్ళ తరబడి కూర్చుని బాగుచేశాడు. తరవాత వాటిని బాఖ్ మెచ్చుకున్నాడని, 1747లో పోట్స్‌డామ్ రాజభవనంలో రాజుగారి ఎదుట వాటి మీదే వాయించాడని చెబుతారు. అంటే ఆయన కొత్త వాద్యాన్ని కాదన్నవాడు కాదు. మా ఇంట్లో ఉన్నలాంటి 88 మెట్లు, ఇనప చట్రం, లావుపాటి మంద్రస్థాయి తీగలున్న పియానోను మాత్రం ఆయన కలలో కూడా చూసి ఉండడు.

ఆ లావు తీగల వల్లే ఎడమ చెయ్యి మోత. దానికి మందు అణచడం కాదట, విడదీయడం. హార్ప్సికార్డు వాయించేవాడికి హెచ్చుతగ్గులు లేవు గనుక, ఏ స్వరాన్ని ఎంతసేపు పట్టుకున్నాడు, ఎప్పుడు వదిలాడు అన్నదాంతోనే పాడించాలి. టీచరుగారు మా పిల్లకు అదే నేర్పుతున్నారు. పరుగెత్తే స్వరాలు కలిపి వాయించాలి, వాటికి రెట్టింపు నిడివి ఉన్నవాటిని కాస్త విడిగా, ఊపిరి తీసుకున్నట్టు వదలాలి. రెండు చేతులకూ ఒకే పద్ధతి. అలా వదిలేసరికి, ధ్వని తగ్గించకుండానే మోత సగం పోయింది!

ఇక కాలితో తొక్కే పెడల్. తొక్కితే తీగలన్నీ విడుదలై, ఒక స్వరం మీద ఇంకో స్వరం మిగిలిపోతుంది. హార్ప్సికార్డులో అదిలేదు. ఆండ్రాష్ షిఫ్ 2012లో విడుదలైన 'వెల్ టెంపర్డ్ క్లావియర్' రికార్డులో అసలు పెడలే వాడలేదు. అదే గ్రంథాన్ని 1930లలో రికార్డు చేసిన ఎడ్విన్ ఫిషర్ వాడాడు, ఎంతో ఆర్ద్రంగా ఉంటుంది. గ్లెన్ గూల్డ్ సంగతి వేరు. 'గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్'ను 1955లో పరుగులు పెట్టించి, 1981లో మళ్ళీ రికార్డు చేసినప్పుడు మొదటి పాటను ఆగి ఆగి నడిపించాడు. మనిషీ ఒకడే, పియానో మీదే, అయినా రెండు దారులు. (ఆ కృతిని బాఖ్ రెండు వరసల మెట్లున్న హార్ప్సికార్డు కోసం రాశాడు. ఒకే వరస ఉన్న పియానో మీద చేతులు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. చూస్తే నవ్వు వస్తుంది.) నా మట్టుకు నాకు, నేర్చుకునే పిల్లలు పెడల్ జోలికి వెళ్ళకపోవడమే మంచిదనిపిస్తుంది. వేళ్ళు చెయ్యవలసిన పనిని కాలు చేసేస్తే వేళ్ళకు ఎప్పుడు వస్తుంది?

గమకాల మాట చెప్పకపోతే వీణ నేర్చుకున్నవాడినని ఎవరూ నమ్మరు. మన స్వరపుస్తకంలో 'గ' అని ఉంటుంది, దాన్ని ఎలా ఊపాలో గురువు నోటే వింటాం. బాఖ్ కొడుకు పుస్తకంలో ఇలాంటి గుర్తులకు అర్థం చెప్పే పట్టిక ఒకటి రాసి పెట్టాడు. వంకర గీత ఒక్కటే ఉంటే పై స్వరం నుంచి మొదలుపెట్టి ఊపాలి. దాని మధ్య అడ్డంగా ఒక నిలువు గీత ఉంటే కింది స్వరాన్ని తాకి రావాలి. ఈ చిన్న గీతను చూడక పిల్లలు ఒకదానికి ఇంకోటి వాయిస్తారు. మా పిల్ల మొదటి బారులోనే కింది స్వరానికి బదులు పై స్వరం తాకుతూ వచ్చింది. అది నా తప్పు కాదని మనవి.

ఇప్పుడు టీచరుగారు కొత్త పని పెట్టారు. ఒక చెయ్యి వాయిస్తూ రెండో చేతి పాటను నోటితో పాడాలట. మనవరాలు తెలివైంది. "తాతయ్యా, నేను కుడి చెయ్యి వాయిస్తాను, ఎడమ చెయ్యి నువ్వు పాడు" అంది. తప్పించుకోలేకపోయాను. రోజూ సాయంత్రం కాఫీ అయ్యాక కూర్చుంటున్నాం. స రి గ మ రి గ స అని నేను అందుకునేలోపే అది ప ద ని స అంటూ పైకి వెళ్ళిపోతుంది. "ఆగవే" అంటే, "బారు ఆగదు తాతయ్యా" అంటుంది. పరీక్ష వచ్చే నెలలో. నేనింకా రెండో బారు దాటలేదు.