ర్యాంకు లేని పరీక్ష

"అమ్మాయికి ర్యాంకెంత రావచ్చు బావా?" అని గుంటూరు నుంచి మా బావమరిది ఫోన్లో అడిగాడు. ర్యాంకు ఉండదన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "మరి సీటెలా ఇస్తారు?" సీటెప్పుడో వచ్చింది, చదువూ అయిపోవచ్చింది, ఇది లైసెన్సు కోసం రాసేది అని ఎంత చెప్పినా వాడికి ఎక్కలేదు. "సరే, టాప్ హండ్రెడ్‌లో రావాలని నా మాటగా చెప్పు" అని దీవించి పెట్టేశాడు.

మా అమ్మాయి డాలస్‌లో ఏయూడీ నాలుగో ఏడు చదువుతోంది. ఆడియాలజీలో డాక్టరేటే గానీ థీసిస్ రాసే డాక్టరేటు కాదు, వృత్తి పట్టా. వినికిడి ఎంతుందో కొలవడం, మిషన్లు అమర్చడం, లోచెవి తేడా వల్ల కళ్లు తిరిగేవాళ్లను చూడడం వీళ్ల పని. హైదరాబాద్‌లో ఇదే రంగంలో నాలుగేళ్ల డిగ్రీ, బీఏఎస్‌ఎల్‌పీ అయ్యాక వెళ్లింది. మన దగ్గర భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు పాసై, ఆ రిజిస్టరులో పేరెక్కించుకుంటే ప్రాక్టీసు చేసుకోవచ్చు. అక్కడ పట్టాతో పాటు ప్రాక్సిస్ అనే గుమ్మం కూడా దాటాలి. కోడు 5343. రెండు గంటలు, 120 ప్రశ్నలు. తప్పు రాసినా మార్కు కోయరు. 100 నుంచి 200 దాకా వేసే స్కోరులో 162 వస్తే అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్ సర్టిఫికెట్‌కు సరిపోతుంది. 162 వచ్చినా 195 వచ్చినా కాగితం ఒకటే. పోతే 28 రోజులాగి మళ్లీ రాసుకోవచ్చు.

ఇంత నింపాదైన పరీక్షకు మా పిల్ల మొదట ఎలా చదివిందంటే, అచ్చం ఇంటర్మీడియట్‌లో చదివినట్టే. రంగురంగుల అట్టముక్కల మీద బిట్లు. చప్పుడు దెబ్బతీసేది 4000 హెర్ట్జ్ దగ్గర. ఓటోస్క్లెరోసిస్‌లో ఎముక ద్వారా వినికిడి గీత పల్లం పడేది 2000 దగ్గర. అప్పుడే పుట్టిన బిడ్డకు నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స. నిద్రలో లేపి అడిగినా చెప్పేది. నమూనా పరీక్ష రాస్తే బిట్లన్నీ రైటు, కేసులన్నీ తప్పు! స్క్రీనింగ్‌లో ఫెయిలైన బిడ్డ తల్లి "గిన్నె కింద పడితే ఉలిక్కిపడుతున్నాడండీ, వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అంటుంది. ఇప్పుడేం చేస్తావు? ఒకటి, మూడు, ఆరు వరసగా అప్పజెప్పినంత మాత్రాన, ఆ తల్లికి నచ్చజెప్పి మూడు నెలల్లోపే పూర్తి పరీక్షకు రప్పించాలన్న తెలివి రాదు.

మేం డాలస్ వెళ్లినప్పుడు ఒక శనివారం మా అమ్మాయి తన క్లినిక్‌లో పైఅధికారిణి అనుమతి తీసుకుని నన్ను చప్పుడు చొరబడని పరీక్ష గదిలో కూర్చోబెట్టింది. కోల్డ్ స్టోరేజీ తలుపంత తలుపు. వేశాక నా ఊపిరి నాకే వినపడింది. కూత వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి.

నా ఎడమ చెవికి చిన్నప్పటి కథ ఒకటుంది. చీము కారేది. మా నాయనమ్మ వెల్లుల్లి కాచిన నూనె పోసేది. (పోయకండి.) కుడి చెవిది ఉద్యోగం కథ. పేపరు ఆఫీసులో రాత్రి డ్యూటీ, ఎడిషన్ దిగేవేళ రోటరీ పక్కనే నిలబడి తొలి కాపీ తిరగేసేవాణ్ణి. కుడి చెవి గీత 4000 దగ్గర గుంటలో పడి, 8000 దగ్గర మళ్లీ కొంచెం లేచింది. అమ్మాయి దాన్ని చూసి "ప్రెస్సు" అని ఒక్క మాటంది.

ఎడమ చెవి దగ్గర మాత్రం ఆగింది. 1000 హెర్ట్జ్ దగ్గర కుడి చెవికి 15 డెసిబెల్స్‌కే వినపడింది, ఎడమ చెవికి 55. "నాన్నా, ఈ 55 నీ ఎడమ చెవిది కాకపోవచ్చు" అంది. చెవిమీద పెట్టే హెడ్‌ఫోన్‌లో శబ్దం 40 డెసిబెల్స్ దాటితే పుర్రె గుండా అవతలి చెవికి చేరే వీలుంది. అంటే ఎడమ చెవిలో 55 పెట్టేసరికి, అందులో 15 కుడి చెవికి చేరి, అదే బటన్ నొక్కించి ఉండొచ్చు. పెళ్లిచూపుల్లో పిల్లనడిగితే పక్కన కూర్చున్న మేనత్త జవాబు చెప్పినట్టు. మేనత్తను ఏదో పని మీద వంటింట్లోకి పంపాలి. అందుకు కుడి చెవిలో జోరువాన లాంటి హోరు పెడతారు. దాని పేరే మాస్కింగ్. హోరు తక్కువైతే మేనత్త కదలదు, మరీ ఎక్కువైతే పిల్లకే ప్రశ్న వినపడదు. మెట్టు మెట్టుకీ హోరు పెంచుతున్నా నా జవాబు కదలకుండా నిలబడ్డ చోటు అసలు లెక్క. 75 తేలింది. కాగితం మీద నీలం ఇంటూ గుర్తు కొట్టేసి, కింద నీలం చతురస్రం గీసింది. ఆ ఇరవై డెసిబెల్స్ తేడాతో మిషన్ అమర్చి ఉంటే నాకు సగం మాటలే అందేవి.

ఆ రాత్రి నుంచి అట్టముక్కలు పక్కన పెట్టేసింది. రోజుకు నాలుగు వినికిడి పటాలు, అంటే ఆడియోగ్రామ్‌లు చేత్తో గీసి, ఎక్కడ మాస్కింగ్ కావాలో, ఎందుక్కావాలో నాకు చెప్పేది. నాకర్థమైతే ఆ కేసు అయిపోయినట్టు.

నా ఫిర్యాదల్లా మన ర్యాంకుల మీదే. ర్యాంకు పరీక్షలో పక్కవాడికి రానిది నీకు రావాలి. అందుకే ఎవడూ పట్టించుకోని మూలల్లోంచి బిట్లు ఏరుకుంటాం. ఇంత మార్కు దాటితే చాలనే పరీక్షలో రోజూ గుమ్మంలోకి వచ్చే రోగి విషయంలో నువ్వు పొరపడకూడదు, అంతే. పదిహేనేళ్లు మొదటిదానికి తర్ఫీదిచ్చి రెండోదానికి కూర్చోబెడితే పిల్లలు తికమకపడరా? మా బావమరిదిని అని ఏం లాభం, మొన్నమొన్నటి దాకా నేనూ అంతే.

మాటలు ఎంతవరకు వినపడుతున్నాయో చూసే పరీక్షకు ఇంగ్లిషులో రెండు ముక్కలూ సమానంగా ఒత్తి పలికే పదాల జాబితా ఒకటుంది. బేస్‌బాల్, హాట్‌డాగ్, డక్‌పాండ్, డ్రాబ్రిడ్జ్. తెనాలిలో పుట్టినవాడికి డ్రాబ్రిడ్జ్ వినపడకపోతే అది చెవి తప్పో చదువు తప్పో ఎలా తెలుస్తుందే అన్నాను. "అది కూడా సిలబస్సే నాన్నా" అంది.

పరీక్ష ఇంకో నాలుగు రోజులుందనగా, బెండకాయలు తరుగుతూ నన్నొక ప్రశ్న అడిగింది. అరవై నాలుగేళ్ల పెద్దమనిషి. లోపం ఉందని తేలింది. "నాకేం లేదు, మా ఆవిడే నసుగుతుంది" అంటాడు. ముందుగా నువ్వేం చేస్తావు? ఆడియోగ్రామ్ మళ్లీ వివరిస్తావా, మిషన్ల ధరలు చెబుతావా, ఇంట్లో ఎప్పుడెప్పుడు మాట అందడం లేదో ఆయన్నే అడుగుతావా, ఏడాదాగి రమ్మంటావా?

ఏడాదాగి రమ్మంటానన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ ఏదో అంది.

"ఏమంటోందే మీ అమ్మ?" అని అమ్మాయినడిగాను.