పేగుల స్కానింగ్‌కూ ఓ పాఠం!

స్కానింగ్ అనగానే గర్భిణులే గుర్తొస్తారు. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి పేగుపూత జబ్బులకు చికిత్స చేసే వైద్యులూ ఇప్పుడు ఆ విద్య నేర్చుకుంటున్నారు.

పేగుల్లోని గ్యాస్ శబ్ద తరంగాలకు అడ్డు. ప్రోబ్‌తో పొట్టను మెల్లగా నొక్కుతూ దాన్ని పక్కకు నెట్టడం తొలి పాఠం. తర్వాత పేగు గోడను కొలవాలి. మందం 3 మిల్లీమీటర్లు దాటినా, డాప్లర్‌లో రక్తప్రవాహం ఎక్కువగా కనిపించినా వాపును అనుమానించాల్సిందే. ఇంటర్నేషనల్ బవెల్ అల్ట్రాసౌండ్ గ్రూప్ శిక్షణలో ముందు వర్క్‌షాపు, ఆపైన నిపుణుల దగ్గర 4 వారాల సాధన, చివర్లో పరీక్ష ఉంటాయి.

ఇంత శ్రమ ఎందుకంటారా? కొలనోస్కోపీ చేయించుకోవాలంటే విరేచనాల మందు తాగి పేగులు ఖాళీ చేసుకోవాలి. దీనికా అవస్థ లేదు, రేడియేషన్ అసలే లేదు. మందు పనిచేస్తోందో లేదో మళ్లీమళ్లీ చూసుకోవచ్చు. కాకపోతే, పరికరం ఎంత మంచిదైనా పట్టే చేతికి తర్ఫీదు ఉండాలి మరి!