విమానదూరమును ప్రయాణకాలమును

భూగోళపాఠము చెప్పునప్పుడు "చెన్నపట్టణమునకును కువైటు నగరమునకును దూర మెంత?" యని యడిగినచో, మా బాలురు తడవుకొనక "సుమారు 3,800 కిలోమీటర్లు, విమానముపై ఐదు గంటలు" అని చెప్పుదురు. అంకెలు తప్పు గావు. అయినను ఆ యుత్తరమునకుఁ బూర్తి మార్కులిచ్చుటకు మాకు మనసొప్పదు.

ఇది వట్టి పాఠపు ముచ్చట గాదు. కడప, చిత్తూరు సీమలనుండి కూలికిని, ఇంటిపనికిని, కారు నడుపుటకును కువైటునకుఁ బోయినవా రెందఱో గలరు. తండ్రియో తల్లియో అచట నున్న పిల్లలు మా తరగతులలోఁ గూర్చుండియున్నారు. ఎముక విరిగి పుత్తూరు కట్టునకు వచ్చువాఁడు మైళ్లు లెక్కింపఁడు, బండి కుదుపులు లెక్కించును. దూరమనఁగా నేమో మన యూరివారికి వేఱుగఁ జెప్ప నక్కఱలేదు.

కొన్ని యేండ్ల క్రిందట మా పూర్వవిద్యార్థి యొకని తల్లి పుత్తూరులో గతించెను. కుమారుఁడు తెల్లవారుజామున 3 గంటలకుఁ గువైటులో విమాన మెక్కుచున్నానని కబురంపెను. బంధువులు నాలుగున్నర గంటలు కలిపి ఏడున్నరకుఁ జెన్నపట్టణమనియు, పదిన్నరకుఁ బుత్తూరనియు నెంచి, 11 గంటలకు భూస్థాపనము నిర్ణయించిరి. కువైటు గడియారము మన గడియారముకంటె రెండున్నర గంటలు వెనుక నుండునని యెవరికిని దోఁపలేదు. అచటి 3 గంటలన మనకు అయిదున్నర. అతఁడు పది గంటలకు విమానము దిగి, తనిఖీలు ముగించుకొని, ఇల్లు చేరునప్పటికి 2 గంటలైనది. ముసలివారును బిడ్డలును ఎండలోఁ గాచియుండిరి, కొందఱు లేచిపోయిరి. అతఁడు నేరము చేసినవానివలె అందఱికిని జేతులు జోడించుచు వచ్చి తల్లి ముఖము చూచెను. మే మచట నుంటిమి.

దూరము పోవుటకును వచ్చుటకును ఒక్కటే. కాలము మాత్రము గాదు. శీతకాలమున మీఁది యాకాశమునఁ బడమటిగాలి బలముగ వీచుటచేత, కువైటునుండి వచ్చు విమానము పోవుదానికంటె త్వరగఁ జేరును. ఇంతకును గాలిలో నుండు ఐదు గంటలు ప్రయాణములో సగము గూడఁ గాదు. పోవునప్పుడు పుత్తూరునుండి చెన్నపట్టణపు విమానాశ్రయమునకు మూఁడు గంటలు, అచట ముందుగఁ జేరి నిలువవలసినవి మఱి మూఁడు, దిగినపిమ్మట నొకటి. 2025 జూలై 1 నుండి కువైటులోఁ బ్రైవేటు సంస్థల విదేశీయోద్యోగులు దేశము విడుచుటకు ముందు యజమాని యనుమతి పొందవలెనను నియమ మొకటి వచ్చినది. ఆ యనుమతికిఁ బట్టు కాలమును ఏ పటములోఁ గొలుతుము?

1932 అక్టోబరు 15న టాటావారి తపాలా విమానము కరాచీలో బయలుదేరినప్పుడు బొంబాయి, బళ్లారి, చెన్నపట్టణమని మజిలీలన్నియుఁ గంటికిఁ గనఁబడుచుండెను. నేఁటి టిక్కెట్టుపై రెండు పేర్లును రెండు గడియలును దక్క నేమియు లేవు. ఏ గడియ యే దేశముదో చదువుట బడిలో నేర్పనిచో మఱి యెచట నేర్పుదురు? రాజధానుల పట్టికను వల్లెవేయించుటకుఁ బెట్టు కాలములో కొంత దీనికిఁ బెట్టవలెనని మా యభిప్రాయము.

ఈ సంవత్సరము ఆ కుమారుని ప్రయాణమునే, పేరు చెప్పక, ఎనిమిదవ తరగతికి లెక్కగా నిచ్చితిమి. పెక్కుమంది పదిన్నర యని వ్రాసిరి. తండ్రి కువైటులో నున్న బాలిక యొకతె "2 గంటలు" అని వ్రాసి, క్రింద "మా యమ్మ మాత్రము 3 గంటలకు అన్నము వార్చును" అని చేర్చెను.