పిట్టను చూపిన వేలు

(రాళ్ళసీమ రాతలు – 14)

"పిట్టల్లో కూడా కులం వెతుకుతావా?" అని అడిగే మిత్రులకు ముందే జవాబు చెప్పేస్తాను. పిట్టల్లో కులం లేదు. ఏ పిట్టను ఎవరు చూశారో రాసుకునే పుస్తకంలో ఉంది.

కడప జిల్లా లంకమల కొండల కింద తిరిగే ఒక పిట్టను అక్కడి జనం కలివి కోడి అంటారు. కలివి పొదల మధ్య బతుకుతుంది కాబట్టి కలివి కోడి. దాన్ని వెతకాలంటే ఎక్కడికి పోవాలో ఆ పేరే చెబుతుంది. ప్రపంచం మాత్రం దాన్ని జెర్డన్స్ కోర్సర్ అంటుంది. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డన్ 1848లో దాన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు గనక. ఒక పేరులో పిట్ట బతికే చోటుంది, ఇంకో పేరులో దొర ఉన్నాడు.

ఆ జెర్డనే తన పక్షుల పుస్తకంలో లాటిన్ పేర్ల పక్కన తెలుగు పేర్లు కూడా రాశాడు. ఆ తెలుగు పేర్లు ఆయనకు పిట్టలు చెప్పలేదు కదా! వలలు వేసేవాళ్ళో, గొర్రెలు కాసేవాళ్ళో, ఉచ్చులు పన్నేవాళ్ళో చెప్పుంటారు. పిట్ట పేరు పుస్తకంలోకి ఎక్కింది. చెప్పిన మనిషి పొలం గట్టు మీదే నిలబడిపోయాడు.

1900లో అనంతపురం దగ్గర కనిపించాక కలివి కోడి మళ్ళీ కనబడలేదని, అంతరించిపోయి ఉంటుందని రాసుకున్నారు. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ బొమ్మ చూపిస్తూ పల్లెల్లో వెతికాడు. 1986 జనవరిలో ఒక రాత్రి రెడ్డిపల్లె ఐతన్న టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్ళ పాటు 'లేని' పిట్ట అట్లా ఒక పల్లె మనిషి చేతికి దొరికింది. దాన్ని జనం పేరు పెట్టి పిలుచుకుంటూనే ఉన్నారు. పేరున్న పిట్ట ఎవరికి లేకుండా పోయినట్టు? ఎవరి కళ్ళు లెక్కలోకొచ్చాయి, ఎవరివి రాలేదు? ఇదీ నా ప్రశ్న.

న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. ఐతన్న పేరు ఈరోజు మనకు తెలుసంటే, ఆ వెతికినవాళ్ళు దాచుకోకుండా చెప్పారు కాబట్టే. అందుకు వాళ్ళకు దండం. కానీ ఆ మర్యాద వాళ్ళ దగ్గరే ఆగిపోయింది, అందరికీ పద్ధతి కాలేదు. 1988లో ఆ పిట్ట తపాలా బిళ్ళ మీదికెక్కింది. దాని కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తర్వాత తెలుగుగంగ కాలువ సైతం దాని కోసం దారి మార్చుకుంది. మంచిదే. కాలువను పక్కకు తిప్పగలిగిన రాజ్యానికి, పిట్టలోళ్ళ గుడిసెల కింద నేలకు పట్టా ఇవ్వడం మాత్రం ఎందుకింత కష్టమవుతోందో నాకు అర్థం కాదు.

ఇక చట్టం సంగతి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల వంటి సంచార జాతుల్ని పుట్టుకతోనే దొంగలుగా రాసుకుంది. 1952లో అది పోయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఉచ్చు వేసినా, వల వేసినా వేటే. చట్టం ఉండాల్సిందే, పిట్టలు బతకాల్సిందే, మళ్ళీ వేట మొదలెట్టమని నేను అడగడం లేదు. కానీ పిట్టలు ఎవరివల్ల తరిగాయో లెక్క తియ్యండి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అహ్మద్‌నగర్ ప్రాంతంలో మాన్స్‌ఫీల్డ్ అనే ఒక్క దొర 961 బట్టమేక పిట్టల్ని కాల్చినట్టు లెక్కుంది. ఈరోజు దేశం మొత్తంలో మిగిలిన బట్టమేకలు 150 కూడా లేవంటున్నారు. దొర తుపాకీకి షికారు అని పేరు. నక్కలోళ్ళ ఉచ్చుకు నేరం అని పేరు. రెండూ పిట్టనే చంపాయి. శిక్ష ఒక్కదానికే పడింది.

ఆ ఉచ్చే శాస్త్రానికి అవసరమైనప్పుడు ఏమైందో చూడండి. బీహారు మీర్‌షికార్ కులస్థుడు అలీ హుసేన్, తాతల నాటి పట్టే విద్యతోనే బాంబే సొసైటీకి పిట్టల్ని పట్టిచ్చాడు. వాటి కాళ్ళకు ఉంగరాలు తొడిగి వదిలేస్తే అవి ఎక్కడెక్కడికి పోతాయో లోకానికి తెలిసింది. కలివి కోడి విషయంలోనూ అంతే. నేలను మెత్తగా చదును చేసి, రాత్రి దాని మీద పడిన అడుగుల్ని పొద్దున్నే చదివి పిట్ట ఉనికి కనుక్కున్నారు. అడుగుజాడ చదవడం అనే విద్య ఎవరిది? మా పేటల్లో పశువులు కాసే జీతగాడికి తీతువు సంగతి అడగండి. గూడు కట్టదనీ, గులకరాళ్ళ మధ్య నేల మీదే గుడ్లు పెడుతుందనీ, మనిషి దగ్గరికొస్తే అరిచి గోల చేసి పక్కకు మళ్ళిస్తుందనీ చెబుతాడు. డిగ్రీ ఉన్నోడు చెబితే అది పరిశోధన. జీతగాడు చెబితే కబుర్లు.

ఇప్పుడు రోళ్ళపాడు పోదాం. నందికొట్కూరు వైపు, మొన్నటిదాకా కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. బట్టమేక కోసం 1988లో ఏర్పడిన అభయారణ్యం. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. బట్టమేకకు కావలసింది దట్టమైన అడవి కాదు, పొట్టి గడ్డి బయలు. ఆ బయలు ఎట్లా మిగిలింది? దాన్ని ఎవరూ పెద్దగా కోరుకోలేదు కాబట్టి మిగిలింది. గొర్రెలోళ్ళు, భూమిలేనోళ్ళు, జొన్న, కొర్ర వేసుకునే వానాధార రైతులు దాన్ని వాడుకుంటూ ఉంచారు. సర్కారు కాగితాల్లో దాని పేరు బంజరు. తర్వాత కాలువ నీళ్ళు వచ్చాయి, పైర్లు మారాయి, చుట్టూ బయలు తరిగింది. కంచె లోపల గడ్డి పెరిగి కృష్ణజింకలు ఎక్కువయ్యాయి. అవి కంచె దాటి చిన్న రైతు పైరు మేశాయి. బట్టమేక మాత్రం కనుమరుగైంది. నింద ఎవరి మీద పడింది? మేకల మీద, వాటి వెనకున్న మనిషి మీద.

శీతాకాలం వస్తే గడ్డి బయళ్ళ మీద సాయంత్రాలు వాలే పిల్లి గద్దల్ని చూడ్డానికి పట్నాల నుంచి కార్లు వస్తాయి. రానీ. పిట్టను ప్రేమించేవాళ్ళు నాకు శత్రువులు కాదు. కానీ అదే బయల్లో కట్టెలకు పోయిన ఆడమనిషిని 'ఆక్రమణదారు' అంటారు, ఏడెనిమిది లక్షల లెన్సుతో దిగినాయన్ని 'ప్రకృతి ప్రేమికుడు' అంటారు. పిట్ట గొంతును ఫోనులో పదేపదే వినిపించి దాన్ని పొదలోంచి బయటికి రప్పిస్తే పిట్టకు నష్టమే. గూటికి అడ్డమున్న కొమ్మలు విరిచి ఫొటో తీస్తే పిల్లలకు చావే. దానికి మాత్రం 'నైతికత చర్చ' పెడతారు. ఉచ్చు దొరికిన పిల్లోడికి స్టేషను.

ఫొటోల కింద రాసేది చదవండి. కెమెరా కంపెనీ పేరు ఉంటుంది. లెన్స్ పేరు ఉంటుంది. షట్టర్ వేగం, ఐఎస్‌వో అన్నీ ఉంటాయి. తెల్లారుజామున బండి ముందు నడిచి "అదిగో సార్" అని చూపిన రోజుకూలీ వాచర్ పేరు ఉండదు. యంత్రానికి దక్కిన గౌరవం మనిషికి దక్కలేదు. దీన్ని మర్చిపోవడం అనుకోకండి. లెన్స్ నంబరు మర్చిపోనివాళ్ళు మనిషి పేరెట్లా మర్చిపోతారు?

బయటి దేశాల్లో ఈ చర్చ ఎప్పుడో మొదలైంది. 2020 మేలో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పిట్టల్ని చూస్తున్న క్రిస్టియన్ కూపర్ అనే నల్లజాతి మనిషి కుక్కకు గొలుసు వెయ్యమన్నందుకు ఒక తెల్ల మహిళ పోలీసులకు ఫోన్ చేసింది. ఆ వెంటనే నల్లజాతి పక్షి ప్రేమికులు తమ పేరుతో ఒక వారమే జరుపుకున్నారు. మనుషుల పేర్లున్న పక్షుల ఇంగ్లీషు పేర్లు మారుస్తామని 2023లో అమెరికా పక్షి శాస్త్రజ్ఞుల సంఘం ప్రకటించింది. మనకు కొత్త పేరు వెతుక్కునే పని కూడా లేదు. కలివి కోడి అని ఉండనే ఉంది. పలకడమే మిగిలింది.

తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి కనుక జాషువాను తలుచుకోకుండా ఉండలేను. కావ్యాలన్నీ హంసలతో, చిలకలతో రాయబారాలు పంపితే, 1941లో ఆయన గబ్బిలాన్ని పంపాడు. గుడిలోకి పోలేని మనిషి, గుడిలో వేలాడగల ప్రాణితో తన గోడు చెప్పుకున్నాడు. ఈరోజు అభయారణ్యం గేటు దగ్గర నిలబడితే నాకు అదే గుర్తొస్తుంది. పిట్ట లోపలుంది. పిట్టను తెలిసినోడు బయటున్నాడు.

విద్యార్థి మిత్రులారా, జంతుశాస్త్రం చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, అడగాల్సినవి పెద్దవేమీ కావు. ప్రతి పరిశోధన పత్రంలో, ప్రతి ఫొటో కింద దారి చూపిన మనిషి పేరు, ఆయన ఒప్పుకుంటే, రాయాలి. 'స్థానికుల సాయంతో' అని కాదు, పేరుతో. వాచర్ ఉద్యోగాలు పర్మినెంటు కావాలి. అవి ముందుగా యానాది, ఎరుకల, చెంచు, నక్కల పిల్లలకు, ఆ బయలును నమ్ముకున్న దళిత కుటుంబాలకు రావాలి. అభయారణ్యం కమిటీలో గొర్రెలోళ్ళకు కుర్చీ ఉండాలి. జింక మేసిన పైరుకు పరిహారం పంటకాలం దాటకముందే చేతికందాలి. మన కాలేజీల్లో బైనాక్యులర్లు కొనాలి, మన హాస్టలు పిల్లల మెడలో వెయ్యాలి.

ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ పేటలో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి పిట్టల పేర్లు అడిగి రాసుకోండి. కౌజు ఎప్పుడు కూస్తుంది, పూరేడు ఎక్కడ దాక్కుంటుంది, తీతువు ఎందుకు అరుస్తుంది, అన్నీ అడగండి. ప్రతి పేరు పక్కన చెప్పినవాళ్ళ పేరు, ఊరు రాయండి. జెర్డన్ రాయకుండా వదిలేసిన గడి అదే. నింపాల్సింది మనమే.

జై భీమ్.