పాత పుస్తకానికి టేపు వేయకండి

మా ఇంట్లో తాతగారి రామాయణం ఒకటి ఉంది. పిల్లలు పుట్టినప్పుడల్లా తేదీ, నక్షత్రం ఆ పుస్తకం అంచుల్లో పెన్సిల్‌తో రాసేవారు. ఇప్పుడు ఆ రాతలు సగమే మిగిలాయి. కొన్నేళ్ల కింద కుట్లు ఊడిపోయాయని బైండింగుకి ఇచ్చాం. గట్టిగా కుట్టి, కొత్త అట్ట వేసి, మూడు వైపులా అంచులు సమంగా కత్తిరించి ఇచ్చారు. చేసినాయన తప్పేం లేదు, అంచు కొట్టడం ఆ పనిలో భాగమే. కత్తిరించొద్దని మేమే చెప్పలేదు. పెద్దత్త పుట్టిన సంవత్సరంలో ఇప్పుడు 19 మాత్రమే ఉంది. తర్వాతి రెండంకెలు ఆ రోజు చెత్తలో పోయాయి. చెప్పడానికి ఆ తరం వాళ్లెవరూ ఇంట్లో లేరు.

అది చాలదన్నట్టు చిరిగిన పేజీలకు మేం సెల్లోటేపు వేశాం. అప్పుడు బాగానే కనిపించింది. రెండు మూడు ఎండాకాలాలు గడిచేసరికి టేపు ఎండి ఊడిపోయింది, జిగురు మాత్రం కాగితంలోకి ఇంకిపోయి నూనె మరకలా పసుపుపచ్చగా నిలిచింది. చంద్రపూర్ మే నెల సంగతి మీకు తెలిసిందే. 45 డిగ్రీలు దాటే ఊళ్లో ఏ జిగురు మాత్రం కుదురుగా ఉంటుంది? ఇప్పుడు ఆ మరక తియ్యాలంటే రసాయనాలు వాడాలి, అది ఇంట్లో చేసే పని కాదు. ఉన్న టేపుని గోటితో పీకితే అక్షరాలూ దాంతోపాటే లేచొస్తాయి. అందుకే మిగిలిన టేపు జోలికి మేం పోవడం లేదు. లక్నోలోని ఇంటాక్ సంరక్షణ కేంద్రం లాంటి చోట శిక్షణ ఉన్నవాళ్లు చూడాల్సిందే.

మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. వెనక్కి తీసుకోలేని మార్పుని నడుస్తున్న సిస్టం మీద నేరుగా చెయ్యనివ్వం. అదే జాగ్రత్త తాతగారి పుస్తకం విషయంలో ఎందుకు గుర్తు రాలేదో! మా అభిప్రాయం ఇదే. రేపు ఎవరైనా విప్పగలిగే అతుకైతే వెయ్యండి, లేకపోతే చిరుగుని చిరుగులాగే ఉంచండి. చిరిగిన పేజీని తర్వాతైనా అతకొచ్చు. లామినేషన్ చేసిన పేజీని, కత్తిరించిన అంచుని వెనక్కి తెచ్చుకోలేం.

విప్పగలిగే అతుకు మన వంటింట్లోనే ఉంది. మైదా ముద్దని పలచని గుడ్డలో కట్టి నీళ్లలో పిసికితే బంక గుడ్డలో మిగులుతుంది, పిండి నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లని కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లు వంపేసి, అడుగున పేరుకున్న పిండిని కాసిన్ని నీళ్లతో సన్న సెగన కలుపుతూ ఉడికిస్తే నున్నటి జిగురు వస్తుంది. ఏ రోజుకి ఆ రోజు చేసుకోవాలి, రెండు రోజుల్లో పులిసిపోతుంది. అతకడానికి జపాన్ టిష్యూ అని పలచటి నార కాగితం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాన్ని కత్తెరతో కత్తిరించకుండా చేత్తో చింపితే అంచున నారలు తేలి కాగితానికి బాగా పట్టుకుంటాయి. జిగురు పలచగా రాసి, పైనా కిందా బటర్ పేపర్ పెట్టి, ఒక రాత్రి బరువు కింద ఉంచాలి. ఎప్పుడైనా మళ్లీ కాస్త తడి తగిలిస్తే ఆ అతుకు ఊడి వస్తుంది. సీసాల్లో వచ్చే తెల్ల జిగురు అలా ఊడదు, గట్టిపడి పేజీని అక్కడే విరగ్గొడుతుంది.

ముందు ఒక మూల పరీక్ష చెయ్యడం మరవకండి. తడి దూదితో ఒక చుక్క అద్ది చూసి, సిరా పాకితే అక్కడితో ఆపెయ్యండి. పాత బైండర్లు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్లు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు.

మా ఊరి పక్కనే బల్లార్పూర్ కాగితం మిల్లు ఉంది. ఇంత కాగితం పుట్టే చోట కూడా మా పాత పుస్తకాలు అప్పడాల్లా విరుగుతున్నాయి. ఆ రోజుల్లో చౌక అచ్చుకి వాడిన చెక్క గుజ్జు కాగితంలో ఆమ్లం పుట్టి లోపలి నుంచే తినేస్తుంది, వేడి దాన్ని ఇంకా తొందరపెడుతుంది. కాబట్టి అటక మీద, రేకుల కింద పెట్టొద్దు. కింది గదిలో, గోడకి ఆనకుండా ఉంచండి. బొగ్గు ధూళిని మెత్తటి బ్రష్‌తో దులపండి. తడి గుడ్డతో తుడిస్తే మసి లోపలికి పోతుంది. 2022 జూలైలో ఇరై నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు తడిసిన పుస్తకాల్ని ఎండలో ఆరేసినవాళ్లున్నారు. ఎండకి అట్టలు మెలితిరుగుతాయి. నీడలో, ఫ్యాను గాలికి, పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి ఆరబెట్టాలి. ఒకేసారి అన్నీ కుదరకపోతే కొన్నిటిని సంచిలో చుట్టి ఫ్రీజర్లో పెడితే బూజు ఆగుతుంది.

"ఇంత శ్రమ ఎందుకు, ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకుంటే పోలా?" అని మా ఇంట్లోనే అడిగారు. ఫొటోలు ముందే తియ్యాలి, నిజమే. బైండింగుకి ఇచ్చేముందు తీసి ఉంటే ఆ రెండంకెలు ఉండేవి. కానీ ఫొటో ఉంది కదా అని పుస్తకం పారేస్తే, ఫోను పోయిన రోజున రెండూ పోతాయి. ఇంకో మాట కూడా అన్నారు, చదివేవాళ్లే లేరు కదా అని. మేం చదివింది కన్నడ మీడియంలో. తలకట్టు తేడా తప్ప చాలా అక్షరాలు తెలిసినవే కాబట్టి తడుముకుంటూ చదువుకుంటాం. పిల్లలకి మరాఠీ, ఇంగ్లీషే. అయినా తంజావూరు చూడండి. నాయక రాజుల కాలపు తెలుగు యక్షగానాలు తమిళ దేశంలో, మరాఠా రాజుల ఏలుబడిలో నిలిచాయి. శాహాజీ తానే తెలుగులో రాశాడు, రెండో శరభోజీ ఆ సరస్వతీ మహల్ గ్రంథాలయాన్ని పెంచాడు. తెలుగు గడ్డ మీద లేం కదా అని అక్కడ ఎవరూ ఆ తాటాకుల్ని వదిలెయ్యలేదు.

రామాయణాన్ని ఇప్పుడు నూలు నాడాతో కట్టి అట్టపెట్టెలో పెట్టాం. పెద్దత్త పుట్టిన ఏడు బంధువుల్లో ఎవరికైనా గుర్తుంటే చెప్పండి. పుస్తకంలో రాయం, చీటీ మీద రాసి ఆ పేజీ దగ్గర పెడతాం.