వినకుండా తీర్పు వద్దు, విని మౌనం వద్దు

దావీదు రాజు కుమార్తె తామారుకు అన్యాయం జరిగింది రాజగృహంలోనే. చేసినవాడు సవతి అన్న అమ్నోను. ఆమె తల మీద బూడిద పోసుకుని ఏడుస్తూ వెళ్తుంటే, తోడబుట్టిన అబ్షాలోము ఊరుకోమన్నాడు. తండ్రికి తెలిసి చాలా కోపం వచ్చింది గానీ, ఆ కోపం న్యాయంగా మారలేదు. రెండేళ్ల తర్వాత అబ్షాలోము అమ్నోనును చంపించాడు. పెద్దలు న్యాయం చేయని చోట పగ పెరుగుతుంది (2 సమూయేలు 13).

అదే బైబిల్లో యోసేపు కూడా ఉన్నాడు. పోతీఫరు భార్య మోపిన అబద్ధపు నింద మీద చెరసాల పాలయ్యాడు. అతని మాట ఎవరైనా విన్నట్టు అక్కడ రాసి లేదు (ఆదికాండం 39). ఇద్దరి విషయంలోనూ లోపం ఒక్కటే. పూర్తిగా విని న్యాయం చేయవలసినవారు ఆ పని చేయలేదు.

వికారాబాద్, తాండూరు ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలకు మిషన్ బడులే మొదటి అక్షరాలు నేర్పాయి. నేటికీ పిల్లల్ని బడిలోనో హాస్టల్లోనో వదిలి, కంది చేలకూ నాపరాయి గనులకూ వెళ్లే తల్లిదండ్రులు మన సంఘాల్లో ఉన్నారు. వారి నమ్మకమంతా బడి మీదే. ఆ బడిలో ఒక బిడ్డ తనను ఫలానా వ్యక్తి వేధించాడని చెబితే మనం ఏం చేస్తాం? చాలాసార్లు బడి పరువు గురించీ, అమ్మాయి పెళ్లి గురించీ మాట్లాడుకుంటాం. ‘ఆయన భక్తిపరుడు’ అంటాం. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాజీ చేస్తాం. లేదా ఆయన్ని మరో బడికి పంపి, ప్రమాదాన్ని వేరే పిల్లల దగ్గరికి చేరుస్తాం.

ఇది ప్రేమ కాదు, చట్టమూ ఒప్పుకోదు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవారి నేరాన్ని చెప్పకుండా ఉండిపోయిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా పడతాయి. నిజమో అబద్ధమో తేల్చడం హెడ్మాస్టరు పని కాదు. బిడ్డ మాట ఒకసారి ఓపికగా వినాలి, రాసుకోవాలి, పోలీసులకు తెలపాలి. 1098కి ఫోన్ చేసి కూడా సాయం పొందవచ్చు. బిడ్డను స్టాఫ్‌రూములో పదిమంది ముందు మళ్లీ మళ్లీ అడగకూడదు, పేరు బయటపెట్టకూడదు.

ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తిని విచారణ ముగిసే వరకు పిల్లలకు దూరంగా ఉంచాలి. అది శిక్ష కాదు, జాగ్రత్త. అతణ్ని కొట్టడం, ఫొటో ఫోన్లలో తిప్పడం న్యాయం కాదు. మనిషి మాట వినకుండా ధర్మశాస్త్రం తీర్పు తీర్చుతుందా అని నీకొదేము అడిగాడు (యోహాను 7). ఉపాధ్యాయినులు ఫిర్యాదు చేస్తే 2013 నాటి చట్టం ఉంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అందులో బయటి సభ్యులొకరు ఉండాలి. ఇరుపక్షాలనూ విని 90 రోజుల్లో విచారణ ముగించాలి.

‘ఇద్దరు సాక్షులేరీ?’ అని అడిగేవారున్నారు. సాక్షుల నియమం చెప్పిన ద్వితీయోపదేశకాండమే, పొలంలో ఒంటరిగా చిక్కిన ఆడపిల్ల కేకను వినేవారు లేకపోయినా ఆమెను నిర్దోషిగా ఎంచింది (22వ అధ్యాయం). చాటున జరిగే పాపానికి సాక్షులు ఎక్కడినుంచి వస్తారు?

2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని డీఏవీ పబ్లిక్ స్కూల్లో నాలుగేళ్ల పాప విషయం బయటపడింది. ప్రిన్సిపాల్ కారు డ్రైవరును, ప్రిన్సిపాల్‌ను కూడా అరెస్టు చేశారు. 2023 ఏప్రిల్లో కోర్టు డ్రైవరుకు 20 ఏళ్ల జైలుశిక్ష విధించింది, ప్రిన్సిపాల్‌ను నిర్దోషిగా విడిచిపెట్టింది. తల్లిదండ్రులు ఆ పసిపాప బాధను గుర్తించి ఫిర్యాదు చేశారు కాబట్టే నేరం రుజువైంది. కోర్టు ఇద్దరి విషయాన్నీ వేర్వేరుగా తూచింది కాబట్టే ఒకరి నేరం మరొకరి మీద పడలేదు.

మన సండేస్కూళ్లకూ, యూత్ క్యాంపులకూ ఇదే కొలత వర్తిస్తుంది. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ప్రతి బిడ్డకూ ముందే తెలిసి ఉండాలి. చిన్నపిల్లల్ని తన దగ్గరికి రానిమ్మన్న ప్రభువు సేవకులమైతే, మొరపెట్టుకున్న బిడ్డను ‘ఊరుకో’ అనే హక్కు మనకు లేదు.